రాలిపోయిన కనుబొమలు దిద్దించుకునే ముందు

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. ఒకప్పుడు ఒత్తుగా ఉండే కనుబొమలు నాలుగైదేళ్ళుగా పలచబడుతూ వచ్చాయి. బయటి కొసలైతే దాదాపు లేనట్టే. పెన్సిల్‌తో దిద్దుకుందామంటే కళ్ళజోడు తీస్తే అద్దంలో మొహం సరిగ్గా కనిపించదు, పెట్టుకుంటే ఫ్రేము అడ్డం. సూదితో చర్మంలోకి రంగు ఎక్కించే సెమీ పర్మనెంట్ మేకప్ చేయించుకోమని మా అమ్మాయి పోరు పెడుతోంది. కనుబొమలకి మైక్రోబ్లేడింగ్, కళ్ళకి ఐలైనర్, పెదవులకి లిప్ బ్లష్, మూడూ ఒకే రోజు చేసేస్తామని ఒక స్టూడియో వాళ్ళు చెప్పారట. మా చెల్లెలు ఏడెనిమిదేళ్ళ కిందట కనుబొమలు చేయించుకుంది. ఇప్పుడవి నీలం కలిసిన బూడిద రంగులోకి తిరిగాయి. వాటిని చూస్తే నాకు భయం. గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలచగా ఉండటానికి మాత్రలు వాడుతున్నాను. కళ్ళు పొడిబారుతుంటే చుక్కల మందు వేసుకుంటాను. జుట్టుకి రంగు మానేశాను, పూర్తిగా నెరిసింది. నాకు ఏది నప్పుతుంది? అసలు ఈ వయసులో ఇదంతా అవసరమా?
(పేరు వేయవద్దు)

సమాధానం: మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. రోజూ పొద్దున్నే పెన్సిల్‌తో కుస్తీ పడుతున్నది మీరు కాబట్టి అవసరమా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇందులో ఇంకొకరి అనుమతితో పని లేదు. వయసు లెక్కలోకి వచ్చేది చర్మం విషయంలో మాత్రమే. అక్కడ మాత్రం చాలా లెక్కలోకి వస్తుంది. పాతికేళ్ళ అమ్మాయికి బాగున్న పద్ధతి అరవై దాటినవాళ్ళకి అలాగే కుదరదు. స్టూడియోల్లో ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ.

నా సలహా ఇది. కనుబొమలు ఒక్కటే చేయించుకోండి. మైక్రోబ్లేడింగ్ వద్దు, మిషన్‌తో సన్న సన్న చుక్కలుగా నీడలా వేసే పౌడర్ బ్రోస్ చేయించుకోండి. రంగు మీరు ఊహించుకున్నదానికంటే ఒక ఛాయ లేతగా ఉండాలి. ఐలైనర్ వద్దు. పెదవుల మాట తర్వాత. వీటన్నిటికంటే ముందు ఒకసారి చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

ఎందుకంటే, వయసు వచ్చాక కనుబొమలు కొంత పలచబడటం మామూలే అయినా, బయటి కొసలు మాయమైపోయాయని రాశారు చూడండి, అక్కడ నేను ఆగాను. థైరాయిడ్ తగ్గినప్పుడు కనుబొమ బయటి మూడోవంతు రాలడం ఎప్పటినుంచో తెలిసిన లక్షణం. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. రెండోది ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపేసియా అనే జబ్బు. ఎక్కువగా మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళలో వస్తుంది. వైద్యులు దీన్ని వేరే జబ్బుగా గుర్తించిందే 1994లో. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ దీని పేరు విని ఉండరు, వయసు మీదికి తోసేస్తారు. కొంతమందికి ముందు కనుబొమలు పోతాయి, ఆ తర్వాతే నుదుటి మీద జుట్టు గీత వెనక్కి జరగడం మొదలవుతుంది. పదేళ్ళ కిందటి ఫొటో ఒకటి తీసి మీ నుదురు పోల్చి చూసుకోండి. జుట్టు వెనక్కి జరిగిన మేర చర్మం లేతగా, నున్నగా మెరుస్తూ ఉండి, అక్కడక్కడ ఒంటరి వెంట్రుకలు మిగిలి ఉంటే ఆలస్యం చేయకండి. ఇందులో కుదుళ్ళే మచ్చకట్టిపోతాయి, పోయిన జుట్టు తిరిగి రావడం కష్టం. మందులతో ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. జబ్బు ముదురుతుండగా దాని మీద రంగు వేయించుకుంటే అసలు సంగతి ఆ రంగు కింద దాగిపోతుంది. పరీక్షల్లో ఏమీ తేలలేదనుకోండి, నిశ్చింతగా ముందుకెళ్ళొచ్చు. కొన్నిసార్లు డాక్టరు రాసిన పూతమందుతోనే కాస్త మొలుస్తాయి కూడా. అలా మొలిస్తే అందరికంటే ముందు సంతోషించేది నేనే.

ఇక మైక్రోబ్లేడింగ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పద్ధతిలో సన్నటి సూదులు వరసగా అమర్చిన బ్లేడుతో, చేత్తో ఒక్కో వెంట్రుకంత గీత కోసి అందులో రంగు నింపుతారు. గీత శుభ్రంగా నిలబడాలంటే చర్మం బిగువుగా ఉండాలి. ఆడవాళ్ళకి మెనోపాజ్ వచ్చిన తొలి ఐదేళ్ళలోనే చర్మానికి ఆ బిగువునిచ్చే కొల్లాజెన్ దాదాపు 30 శాతం దాకా తగ్గుతుంది. పై పొర పలచబడుతుంది. పై పొరనీ కింది పొరనీ ఒకదానికొకటి అల్లినట్టు పట్టి ఉంచే ఎగుడుదిగుళ్ళు చదునైపోతాయి. అందుకే పెద్దవాళ్ళ చర్మం చిన్న దెబ్బకే చిరుగుతుంది, కమిలిపోతుంది. అలాంటి చర్మాన్ని వేళ్ళతో సాగదీసి పట్టుకుని గీత పెడతారు. చెయ్యి తీయగానే చర్మం మళ్ళీ ముడుచుకుంటుంది, తిన్నగా పెట్టిన గీత వంకరపోతుంది. మానేసరికి పలచటి కాగితం మీద ఇంకు పాకినట్టు గీతలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. మీరే చూసుకోండి: కనుబొమ మీద ఒక వేలు ఆనించి మెల్లిగా కణత వైపు జరపండి. చర్మం సులువుగా జరిగి, వదిలాక తీరిగ్గా వెనక్కి వస్తోందంటే దానికి బ్లేడు పనికిరాదు.

పౌడర్ బ్రోస్‌లో కోత ఉండదు. మిషన్ సూది పైపైన చుక్కలు పెడుతూ పోతుంది, ఒక్కో విడతా పలచగా వేస్తారు. చుక్క కొద్దిగా పాకినా నీడలో కలిసిపోతుంది కాబట్టి ఎబ్బెట్టుగా కనిపించదు. దగ్గరికొచ్చి చూస్తే ఇది వెంట్రుక కాదని తెలుస్తుంది, నిజమే. కానీ దగ్గరి నుంచి చూసేవాళ్ళకి మైక్రోబ్లేడింగ్ కూడా మొదటి ఏడాదే వెంట్రుకలా కనిపిస్తుంది. మిషన్‌తోనే సన్న గీతలు పెట్టే నానో బ్రోస్ అని ఇంకోటుంది. మీ కనుబొమ లోపలి సగంలో వెంట్రుకలు మిగిలే ఉన్నాయి కాబట్టి మీకు దాని అవసరం లేదనే అనుకుంటున్నాను.

వయసుతో పొడిబారే చర్మానికి ఒక లాభం ఉంది. జిడ్డు చర్మం రంగుని త్వరగా బయటికి తోసేస్తుంది, మీది అలా చేయదు. సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్ళు నిలిచే రంగు మీ దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. తప్పు జరిగితే అదీ అంతకాలం ఉంటుంది మరి. పైగా రంగు వెలిసిపోవడమంటే పూర్తిగా చెరిగిపోవడం కాదు, ఎంతో కొంత ఛాయ చాలామందికి మిగిలే ఉంటుంది. అందుకే మొదటిసారి తక్కువ వేయించుకోండి. తక్కువైతే రెండో విడతలో కలపొచ్చు. ఎక్కువైతే లేజర్ దగ్గరికి పరుగెత్తాలి.

మీ చెల్లెలి కనుబొమలు బూడిద రంగుకి తిరగడానికి కారణం ఆవిడ చర్మం ఒక్కటే కాదు. రంగు పడాల్సిన లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంతకంటే లోపలికి దిగితే నలుపు పైకి నీలంగా కనిపిస్తుంది. నలుపు కోసం కార్బన్ ఎక్కువ వాడిన రంగుల్లో మిగతా ఛాయలు ముందు పోయి, కార్బన్ మిగిలి బూడిదగా తేలుతుంది. ఐరన్ ఆక్సైడ్ రంగులైతే దీనికి తిరగబడి, ఎరుపో నారింజో మిగులుతుంది. ఏ రకం రంగు వాడతారో, అది మూడేళ్ళ తర్వాత ఎటు తిరుగుతుందో అడిగితే చేసేవాళ్ళు తడుముకోకుండా చెప్పగలగాలి. ఆవిడకి ఇంకో మాట చెప్పండి: పాతది కనపడకుండా చర్మం రంగుతో కప్పేస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఆ లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా లేజర్ చేయిస్తే అది వెలిసిపోయే బదులు నల్లబడే ప్రమాదం ఉంది.

రంగు ఎంపికలో నెరిసిన జుట్టున్నవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. జుట్టు తెల్లగా ఉంది కాబట్టి కనుబొమకి బూడిద రంగే నప్పుతుందనుకుంటారు. చర్మంలోకి దిగాక బూడిద ఇంకా నీలం వైపు తిరిగి, జబ్బుపడ్డ మొహంలా కనిపిస్తుంది. చామనఛాయ వాళ్ళకి మరీను. కాస్త వెచ్చదనం ఉన్న లేత గోధుమరంగు అడగండి. వయసులో ఉన్నప్పటి నల్లటి కనుబొమలు మళ్ళీ కావాలనిపించడం సహజమే. తెల్ల జుట్టు కింద నల్లటి కనుబొమ మొహాన్ని మాత్రం కోపంగా చూపిస్తుంది.

ఆకారం గీసేటప్పుడు మిమ్మల్ని పడుకోబెట్టి గీస్తే ఒప్పుకోకండి. పడుకుంటే బుగ్గలు, కణతలు చెవుల వైపు జారి మొహమే మారిపోతుంది. కూర్చునే గీయించుకోవాలి. ఇంకో చిక్కు ఉంది, అది మనకే తెలియదు. రెప్పలు వాలుతున్న వయసులో అద్దం చేతికివ్వగానే మనిషి తెలియకుండానే నుదురు పైకెత్తి చూస్తుంది. అప్పుడు గీస్తే మామూలుగా ఉన్నప్పుడు ఒకటి పైకీ ఒకటి కిందికీ వస్తాయి. కళ్ళు మూసుకుని, నుదురు వదులు చేసి, మెల్లిగా కళ్ళు తెరిచి ఎదురుగా చూడండి. కొలత అప్పుడు తీసుకోవాలి. కళ్ళజోడు పెట్టుకునీ తీసీ రెండు రకాలుగానూ చూసుకోండి. ఫ్రేము పై అంచు సరిగ్గా కొత్త కనుబొమ మీదే పడితే డబ్బంతా ఫ్రేము వెనకాలే పోతుంది. కొసని కిందికి లాగనివ్వకండి, కళ్ళు ఇంకా వాలినట్టు కనిపిస్తాయి. వీలైతే ఆ రోజు పెన్సిల్ గీత వరకే చేయించుకుని, ఫొటో తీసుకుని ఇంటికొచ్చేయండి. అమ్మాయి చేత అదే ఆకారం నాలుగు రోజులు దిద్దించుకుని తిరగండి. నచ్చితేనే సూది.

ఇప్పుడు మీ మాత్రల సంగతి. చేయడానికి ముందు రక్తం పలచబడే మాత్రలు ఆపేసి రమ్మని స్టూడియోలో చెబుతుంటారు. రక్తం ఊరితే రంగు బయటికి కొట్టుకుపోతుంది, కమిలిపోతుంది, అది వాళ్ళ బాధ. స్టెంట్ ఉన్న మనిషి ఆ మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. కనుబొమ కోసం ఆ పని చేయకండి. మీ గుండె డాక్టరు చెబితే తప్ప ఒక్క మోతాదు కూడా మానొద్దు. మాత్రలు వేసుకుంటూనే చేయించుకోవచ్చా, లేక ఆగాలా అన్నది ఆయన్నే అడగండి. ఆగమంటే ఆగడమే. మత్తు క్రీముల విషయం కూడా ముందే చెప్పండి. వాటిలో చర్మాన్ని మొద్దుబార్చేది లిడోకెయిన్, కొన్నిటిలో రక్తస్రావం తగ్గించడానికి ఎపినెఫ్రిన్ కూడా కలుపుతారు. అది గుండె వేగం పెంచుతుంది. గుండె జబ్బు ఉందని తెలిస్తే అది లేనిది వాడతారు. చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారి లేదు.

మీరు రాయలేదు గానీ చదివే మిగతావాళ్ళ కోసం: షుగర్ అదుపులో లేకపోతే ముందు అది అదుపులోకి రావాలి. దెబ్బ తగిలిన చోట గట్టిగా ఉబ్బే కెలాయిడ్ మచ్చలు వచ్చే శరీరతత్వం ఉన్నవాళ్ళు, బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్ళు, ఒంట్లో చిన్న చిన్న వాపు ముద్దలు కట్టే సార్కాయిడోసిస్ ఉన్నవాళ్ళు చర్మ వైద్యుల సలహా లేకుండా వెళ్ళొద్దు. ముడతలకి రాసుకునే రెటినాల్, యాసిడ్ క్రీములు కొన్ని వారాల ముందే నుదుటి మీద ఆపేయాలి. బొటాక్స్ వేయించుకునేవాళ్ళు దాని పని పూర్తిగా తెలిసేదాకా, అంటే కనీసం రెండు వారాలు ఆగి కనుబొమల దగ్గరికి రావాలి, లేకపోతే గీసిన ఎత్తు మారిపోతుంది.

చేసేవాళ్ళని ఎంచుకునేటప్పుడు గోడ మీద సర్టిఫికెట్లు లెక్కపెట్టకండి. మానిన తర్వాతి ఫొటోలు చూపించమనండి. చేసిన రోజు ఫొటోలో అందరి కనుబొమలూ అద్భుతంగానే ఉంటాయి. ఏడాది గడిచాక, మీ వయసువాళ్ళవి, మీ రంగువాళ్ళవి ఎలా ఉన్నాయో చూడాలి. అలాంటివి రెండు మూడు కూడా చూపించలేకపోతే వచ్చేయండి. సూది ప్యాకెట్టు మీ కళ్ళ ముందే చింపాలి, రంగు పోసే చిన్న కప్పు కూడా ఒక్కరికే వాడి పారేసేదై ఉండాలి. హెపటైటిస్ బి, సి లాంటివి ఇలాంటి చోట్ల పాకొచ్చు. తమ రంగులకి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉందని గొప్పగా చెబితే నమ్మకండి. చర్మంలోకి ఎక్కించడానికంటూ ఎఫ్‌డీఏ ఏ రంగునీ ఆమోదించలేదు. కాస్త గట్టి కట్టడి ఉన్నది యూరోపియన్ యూనియన్‌లో. అక్కడ 2022 జనవరి నుంచి టాటూ, పర్మనెంట్ మేకప్ రంగుల్లో నాలుగు వేలకు పైగా రసాయనాల మీద ఆంక్షలున్నాయి. ఆ నిబంధనలకి సరిపోయే రంగేనా అని అడగడం తప్పేమీ కాదు. రంగుకీ మత్తు క్రీముకీ ప్యాచ్ టెస్ట్, అంటే పడుతుందో లేదో కొద్దిగా చర్మం మీద వేసి చూడటం, ముందే చేయించుకోండి. ఒకప్పుడు జుట్టు రంగుతో దురదలు, దద్దుర్లు వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

చేయించుకున్నాక మొదటి వారం అద్దం చూసి బెంగ పెట్టుకోవద్దు. రెండు మూడు రోజులు మరీ ముదురుగా ఉంటుంది. తర్వాత సన్నటి పొలుసులు రాలతాయి. గోరు పెట్టి గిల్లితే అక్కడ రంగు కూడా ఊడి వస్తుంది. రెండో వారంలో అంతా పోయినట్టే కనిపిస్తుంది, డబ్బు దండగయిందని ఇంట్లోవాళ్ళు అంటారు కూడా. నెలా నెలన్నరకి రంగు మళ్ళీ తేలుతుంది. మొదటి రోజు కనిపించిన ముదురులో మూడోవంతు, ఒక్కోసారి సగం దాకా తగ్గి నిలబడుతుంది. టచప్‌కి, అంటే రెండో విడతకి, నాలుగో వారంలోనే రమ్మంటే వెళ్ళకండి. వయసు మీదపడిన చర్మం మానడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఎనిమిది వారాలు ఆగండి. మానేదాకా ఎండ, చెమట, ఆవిరి తగలనివ్వకూడదు. ఇచ్చిన ఆయింట్‌మెంట్ బియ్యపుగింజంత చాలు, దళసరిగా పట్టిస్తే మానదు. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా స్టూడియోకి కాదు, డాక్టరు దగ్గరికే వెళ్ళండి. ముందు ముందు ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే కనుబొమల్లో రంగు ఉందని అక్కడి సిబ్బందికి చెప్పండి. ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా ఆ చోట వేడిగానో చురుక్కుమనో అనిపించొచ్చు, అంతకుమించి స్కాన్ మానుకోవాల్సిన పని ఉండదు.

ఐలైనర్ మీకు వద్దని చెప్పడానికి నాకు సందేహమేమీ లేదు. కన్నీటి మీద నూనెపొరలా పరుచుకుని అది ఆరిపోకుండా కాపాడే మెబోమియన్ గ్రంథులు రెప్ప అంచులోనే, రెప్పవెంట్రుకల పక్కనే ఉంటాయి. రెప్ప అంచున టాటూ వేయించుకున్నవాళ్ళలో ఈ గ్రంథులు దెబ్బతినడం, కన్నీటి పొర నిలకడ తగ్గడం కంటి వైద్యుల పరిశీలనలో కనిపించింది. మీ కళ్ళు ఇప్పటికే పొడిబారి చుక్కల మందు మీద నడుస్తున్నాయి. ఉన్నదాన్ని పాడుచేసుకోవడం ఎందుకు? ఇది కాక, ఒంట్లో అన్నిటికంటే పలచటి చర్మం రెప్పది. అక్కడ రంగు పక్కకి పాకితే కమిలిన కన్నులా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. రక్తం పలచబడే మాత్రలతో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కంటి కొస దాటి తోకలా లాగే ఐలైనర్ అసలే వద్దు, రెప్ప వాలేకొద్దీ ఆ తోక ముడతలోకి మడతపడుతుంది.

పెదవులకి అంత కచ్చితంగా వద్దనను. కాకపోతే రక్తం ఎక్కువగా ఊరేదీ, బాగా వాచేదీ అవే. పెదవి అంచున నీటిపొక్కులు వచ్చే అలవాటుంటే సూది తగిలాక మళ్ళీ విరుచుకుపడతాయి. అది హెర్పిస్ వైరస్ పని, ముందుగానే డాక్టరు చేత మాత్ర రాయించుకోవాలి. పెదవులు నల్లగా ఉన్నవాళ్ళకి నేరుగా గులాబీ రంగు వేస్తే మాని బూడిదగా తేలుతుంది. ముందు నారింజ ఛాయతో ఆ నలుపుని తగ్గించి, తర్వాతి విడతలో అసలు రంగు వేయాలి. పెదవి నిండుగా కనిపించాలని గీతని అంచు దాటించడానికి మాత్రం ఒప్పుకోకండి. పై పెదవి మీది నిలువు ముడతల్లోకి ఆ రంగు దిగిందంటే తీయడం చాలా కష్టం. కనుబొమల టచప్ కూడా మానాక, అప్పటికీ మనసుంటే ఆలోచించొచ్చు.

మూడూ ఒకేరోజు చేస్తామన్న స్టూడియో వాళ్ళకి మీరే ఫోన్ చేసి మీ వయసు, స్టెంట్, మాత్రలు, కళ్ళ సంగతి చెప్పండి. అన్నీ విన్నాక కూడా ఒకే రోజు అంటే అక్కడ కనుబొమలు కూడా చేయించుకోవద్దు.